జెండాకు ఏ సిలువ, డాలుకు ఏ సిలువ: ఆకారాన్ని ఎంచుకునే పద్ధతి

చర్చి శతజయంతికో, పాఠశాలలోని ఒక హౌస్‌కో, పడవల క్లబ్బుకో కొత్త జెండా గీయవలసి వచ్చి, అందులో సిలువ ఉండాలని నిర్ణయం జరిగిన తరువాత అసలు ప్రశ్న మొదలవుతుంది: ఏ సిలువ? ఐరోపా హెరాల్డ్రీలో, అంటే డాళ్ల మీద వంశచిహ్నాలను గీసే సంప్రదాయంలో, పేరు పెట్టి పిలిచే సిలువ రూపాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటి పట్టిక ముందు పెట్టుకుని, కంటికి నచ్చినదాన్ని తీసుకుని గుడ్డ మధ్యలో అచ్చు వేయించడం అందరూ చేసే పని, సాధారణంగా ఫలితం చెడేది కూడా అక్కడే. గాలికి కదులుతూ, ముడతలు పడుతూ దూరం నుంచి కనిపించవలసిన గుర్తుకు ఉండవలసిన గుణాలు వేరు. డాలు మీదనో, ముద్ర మీదనో, లెటర్‌హెడ్ మీదనో దగ్గరగా చూసే గుర్తుకు ఉండవలసిన గుణాలు వేరు. కాబట్టి రూపాల అందచందాలను పోల్చే ముందు, మీ గుర్తు ఎక్కువ కాలం ఎక్కడ కనిపించబోతుందో తేల్చుకోవాలి. ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఆ ఒక్క ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నాయి.

అంచులను తాకేది, విడిగా నిలిచేది

మొదట తేల్చుకోవలసిన తేడా ఇది. ఇంగ్లండు వాడే సెయింట్ జార్జ్ సిలువలో ఎర్రని భుజాలు తెల్లని గుడ్డ నాలుగు అంచుల దాకా సాగుతాయి. స్విట్జర్లాండు సిలువ భుజాలు అంచులకు చేరకుండా ఎర్రని నేపథ్యం మధ్యలో ఆగిపోతాయి. అంచుల దాకా సాగే సిలువ జెండాను నాలుగు గళ్లుగా విభజిస్తుంది కాబట్టి, గుడ్డలో సగం ముడుచుకుపోయినా మిగిలిన సగంలో భుజం ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. కుట్టడం కూడా సులభం: నాలుగు ముక్కలు, రెండు పట్టీలు ఉంటే చాలు. విడిగా నిలిచే సిలువకు ఈ సౌకర్యం లేదు. మధ్యలో ఒక మడత పడితే గుర్తు మొత్తం పోతుంది. దానికి బదులుగా అది చదరంలోనూ, వృత్తంలోనూ, బటన్ మీదా, మొబైల్ తెర మీది చిన్న ఐకాన్‌లోనూ ఒకే విధంగా ఇమిడిపోతుంది.

విడిగా నిలిచే సిలువను ఎంచుకునేవారు స్విట్జర్లాండు నమూనాను కాస్త దగ్గరగా చూడాలి. 1889లో అక్కడి సమాఖ్య ఇచ్చిన నిర్వచనం ప్రకారం నాలుగు భుజాలూ సమానంగా ఉండాలి, ప్రతి భుజం పొడవు దాని వెడల్పు కన్నా ఆరింట ఒక వంతు ఎక్కువ ఉండాలి. గళ్ల కాగితం మీద 32 గళ్ల చదరం గీసి, నాలుగు వైపులా 6 గళ్లు వదిలి, మధ్యలో మిగిలిన 20 గళ్లలో 7, 6, 7 గళ్ల చొప్పున సిలువను గీస్తే ఆ ఆకారం వస్తుంది. భుజం వెడల్పు 6, పొడవు 7. ఈ ఒక్క గడి తేడాను తీసేసి అయిదు సమాన చదరాలతో సిలువ గీసి చూడండి; భుజాలు పొట్టిగా, సిలువ బొద్దుగా కనిపిస్తుంది. అంత సాదా ఆకారంలో కూడా కొలత ఎంత పని చేస్తుందో దాని పక్కన దీన్ని పెట్టి చూసినప్పుడే తెలుస్తుంది. స్విస్ జాతీయ జెండా చదరంగా ఉంటుందని చాలామందికి తెలుసు, కానీ వారి నౌకలు ఎగరవేసే జెండా మాత్రం పొడవు, ఎత్తు 3:2 నిష్పత్తిలో ఉండే దీర్ఘచతురస్రం. సిలువ ఆకారం మాత్రం రెండింటిలోనూ అదే.

ఇక్కడ చట్టానికి సంబంధించిన హెచ్చరిక ఒకటి తప్పనిసరి. తెల్లని నేపథ్యం మీద ఎర్రని విడి సిలువ 1864 జెనీవా ఒప్పందం నాటి నుంచి యుద్ధంలో వైద్య సేవలకు రక్షణ చిహ్నం. స్విస్ జెండా రంగులను తారుమారు చేసిన రూపం అది. భారతదేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ గుర్తును వాడటం నిషిద్ధం. ఎరుపు మీద తెల్ల సిలువకు కూడా అదే చట్టంలో రక్షణ ఉంది. అయినా మన ఊళ్లలో క్లినిక్కుల బోర్డుల మీదా, మందుల దుకాణాల మీదా, డాక్టర్ల కార్ల అద్దాల మీదా ఎర్ర సిలువ కనిపిస్తూనే ఉంటుంది. యుద్ధభూమిలో ఆ గుర్తును చూసి కాల్పులు ఆపాలన్నది ఒప్పందం కాబట్టి, దాని విలువను పలుచన చేయడం చిన్న విషయం కాదని నా దృఢమైన అభిప్రాయం. వైద్యానికి సంబంధించిన గుర్తు కావాలంటే ఆకుపచ్చ మీద తెల్ల సిలువ ఉంది. ప్రథమ చికిత్సకు అంతర్జాతీయ ప్రమాణాలలో ఉన్న గుర్తు అదే. ఒక దేశానికే ఈ ఇబ్బంది ఎదురైంది: తెలుపు మీద ఎర్ర సిలువను తమ జెండాగా అనుకున్న టోంగా, అది రెడ్‌క్రాస్ జెండాను పోలి ఉందని, ఆ తెల్లని భాగాన్ని కర్ర వైపు పై మూలకు చేర్చి మిగిలిన గుడ్డనంతా ఎరుపు చేసింది.

నార్డిక్ సిలువ: కొలతే ప్రాణం

అంచులను తాకే సిలువల్లో జెండా కోసం నన్ను ఒక్కటి ఎంచమంటే నార్డిక్ సిలువనే ఎంచుతాను. ఇందులో నిలువు భుజం మధ్యలో కాక కర్ర వైపుకు జరిగి ఉంటుంది. డెన్మార్కు జెండా డానెబ్రో దీనికి మూలం. 1219లో ఇప్పటి టాలిన్ ప్రాంతంలో జరిగిన యుద్ధంలో అది ఆకాశం నుంచి దిగివచ్చిందని ఒక ఐతిహ్యం. స్వీడన్, నార్వే, ఫిన్లండ్, ఐస్‌లాండ్, ఫారో దీవులు, ఆలండ్ దీవులు అదే అమరికను తమ రంగులతో తీసుకున్నాయి. నిలువు భుజం కర్ర వైపు ఉండటం వల్ల వాడుకలో ఒక లాభం ఉంది. జెండాలో అన్నింటికన్నా తక్కువ కదిలేది కర్రకు దగ్గరగా ఉన్న భాగం. ఎక్కువగా ముడుచుకునేది, ముందుగా చిరిగిపోయేది ఎగిరే కొస. రెండు భుజాలు కలిసే చోటు స్థిరమైన భాగంలో ఉంటే గుర్తు నిలుస్తుంది.

అమరిక ఒకటే అయినా ఈ జెండాలు ఒకదానికొకటి నకళ్లలాగా అనిపించవు. రంగులతో పాటు కొలతలు కూడా దానికి కారణం. డెన్మార్కు జెండాలో పై నుంచి కిందికి 3, 1, 3 భాగాలు. అంటే సిలువ వెడల్పు జెండా ఎత్తులో ఏడింట ఒక వంతే. సన్నని తెల్లని గీతలా, ఎరుపు ముందుకు వచ్చేలా ఉంటుంది. స్వీడన్‌లో 4, 2, 4. అయిదింట ఒక వంతు. ఫిన్లండ్‌లో 4, 3, 4. నాలుగో వంతు కన్నా ఎక్కువ. ఫిన్లండ్ జెండాలో నేపథ్యం తెలుపు, సిలువ నీలం కాబట్టి ఆ నీలానికి బరువు కావాలి. మంచు దేశపు తెల్లని ఆకాశం ముందు సన్నని నీలి గీత తేలిపోతుంది. అడ్డంగా చూస్తే స్వీడన్‌ది 5, 2, 9, ఫిన్లండ్‌ది 5, 3, 10. ఎగిరే వైపు గళ్లు కర్ర వైపు గళ్లకు దాదాపు రెట్టింపు ఉన్నాయని గమనించండి. ఈ నిష్పత్తి బాగా తగ్గితే నిలువు భుజం మధ్యలో పెట్టబోయి పొరపాటున జరిగినట్టు కనిపిస్తుంది, బాగా పెరిగితే సిలువ కర్రకు అతుక్కుపోయినట్టు ఉంటుంది.

నార్వే, ఐస్‌లాండ్ మరొక మార్గం చూపాయి: సిలువ లోపల సిలువ. 1821లో రూపుదిద్దుకున్న నార్వే జెండాలో ఎరుపు నేపథ్యం, తెల్లని అంచు, లోపల నీలం. పై నుంచి 6, 1, 2, 1, 6 భాగాలు. ఐస్‌లాండ్ జెండాలో నీలం నేపథ్యం, తెల్లని అంచు, లోపల ఎరుపు. 7, 1, 2, 1, 7. మూడు రంగులు తప్పక కావాలనుకునేవారికి ఇది మంచి మార్గం. అయితే తెల్లని అంచు జెండా ఎత్తులో నార్వేలో పదహారో వంతు, ఐస్‌లాండ్‌లో పద్దెనిమిదో వంతే కాబట్టి చిన్న పరిమాణంలో అచ్చు వేసినప్పుడు పోతుంది. లాపెల్ పిన్నులూ, చిన్న ముద్రలూ మీ వాడుకలో ముఖ్యమైతే రెండు రంగుల సిలువతో ఆగిపోవడం మేలు.

ఈ రూపంతో ఒక బాధ్యత కూడా వస్తుంది. నార్డిక్ సిలువను చూసిన ప్రతివారూ ఉత్తర ఐరోపాను తలుచుకుంటారు. షెట్లండ్, ఆర్కినీ దీవులు స్కాట్లండ్‌లో భాగమైనా ఒకప్పటి నార్వే బంధాన్ని చెప్పుకోవడానికే ఈ సిలువను ఎంచుకున్నాయి. అటువంటి బంధం ఏదీ లేని సంస్థ దాన్ని ఎత్తుకుంటే చూసేవారికి తప్పు సమాచారం అందుతుంది. బంధం ఉండి కూడా వద్దనుకున్నవారు ఉన్నారు: డెన్మార్కు రాజ్యంలో భాగమైన గ్రీన్‌లాండ్ 1985లో తన జెండాను ఎంచుకుంటూ, ఆకుపచ్చ-తెలుపు నార్డిక్ సిలువ ప్రతిపాదనను కాదని, టూ క్రిస్టియాన్సన్ గీసిన ఎరుపు-తెలుపు వృత్తానికి ఓటు వేసింది. డెన్మార్కు రంగులను ఉంచుకుని ఆకారాన్ని మాత్రం సొంతం చేసుకున్న ఆ నిర్ణయం నాకు చాలా పరిణతి గలదిగా అనిపిస్తుంది.

ఇంటూ గుర్తు సిలువ

సెయింట్ ఆండ్రూ సిలువగా పేరుపడిన సాల్టైర్ మూల నుంచి మూలకు సాగే ఇంటూ గుర్తు. నీలం మీద తెలుపుగా స్కాట్లండ్‌కూ, తెలుపు మీద నీలంగా రష్యా నౌకాదళానికీ, ఆకుపచ్చ-నలుపుల మధ్య బంగారు రంగుగా 1962లో స్వాతంత్ర్యం పొందిన జమైకాకూ అది గుర్తు. జమైకా మొదట అవే రంగుల అడ్డ పట్టీలను అనుకుని, టాంగన్యీకా (ఇప్పటి టాంజానియాలో భాగం) జెండాను పోలి ఉందని వదిలి, వాటినే సాల్టైర్‌గా మార్చింది. పట్టీల జెండాలు కిక్కిరిసిన లోకంలో ఈ ఆకారం ఎంత ప్రత్యేకంగా నిలుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. గాలి లేనప్పుడు కూడా, వేలాడే గుడ్డలో ఏటవాలు గీతలు కనిపిస్తూ ఉండటం దీని మరొక బలం.

బలహీనత కోణంలో ఉంది. ప్లస్ గుర్తు సిలువ జెండా పొడవు మారినా లంబంగానే ఉంటుంది. సాల్టైర్ కోణం మాత్రం జెండా నిష్పత్తితో మారిపోతుంది. 5:4 జెండాలో నిటారుగా, ధీమాగా కనిపించే ఇంటూ గుర్తు 2:1 జెండాలో పడుకున్నట్టు ఉంటుంది. జమైకా జెండా 2:1 అయినా నాలుగు త్రికోణాలకు రెండు రంగులు పంచి ఆ లోపాన్ని కప్పుకుంది. మీరు సాల్టైర్ ఎంచుకుంటే నిష్పత్తిని ముందే నిర్ణయించి, 3:2 కన్నా పొడవు పెంచకుండా, పట్టీ వెడల్పును జెండా ఎత్తులో అయిదో వంతుకు దగ్గరగా పెట్టండి.

పడవల క్లబ్బుల వారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటి ఉంది. అంతర్జాతీయ సంకేత జెండాలలో నీలం మీద తెల్ల సాల్టైర్‌కు ఎమ్ అక్షరమని, ఒంటరిగా ఎగరవేస్తే ఓడ ఆగి ఉందని, నీటిలో కదలడం లేదని అర్థం. తెలుపు మీద ఎర్ర సాల్టైర్ వి అక్షరం. సహాయం కావాలని అర్థం. తెలుపు మీద నీలి ప్లస్ సిలువ ఎక్స్ అక్షరం. మీరు చేయబోతున్న పనిని ఆపి నా సంకేతాల కోసం చూడండి అని అర్థం. సముద్రం మీద వాడే జెండాకు ఈ మూడు రంగుల జతలనూ పూర్తిగా వదిలేయడమే క్షేమం.

రెండు సిలువలను కలపాలనే కోరికకు బ్రిటన్ యూనియన్ జెండా నమూనా. 1606లో ఇంగ్లండ్, స్కాట్లండ్ సిలువలను కలిపి, 1801లో ఐర్లండ్ పేరిట ఎర్ర సాల్టైర్‌ను చేర్చినప్పుడు, తెల్ల సాల్టైర్‌ను అది పూర్తిగా కప్పకుండా పక్కకు జరిపి అతికించారు. గౌరవం పాటించే పరిష్కారమే, కానీ దాని వల్ల జెండాకు తలకిందులు అనే స్థితి వచ్చింది. ఆ తేడా చాలామంది కంటికి ఆనదు. రెండు సంస్థల విలీనానికి గుర్తు గీసేవారు ఈ పద్ధతిని అనుకరించే ముందు, జెండా కట్టే మనిషి ప్రతిసారీ దాన్ని సరిగా కట్టగలడా అని ఆలోచించాలి.

కొసలు తీర్చిన సిలువలు

భుజాల చివర్లను మలిచిన రూపాలు డాలుకూ, పతకానికీ, ముద్రకూ చెందినవి. మధ్యలో సన్నగా మొదలై చివరికి విశాలమయ్యే పట్టే సిలువ, ఒక్కో భుజం చివర గంటు పడి మొత్తం ఎనిమిది మొనలు తేలే మాల్టా సిలువ, చివర్లలో అడ్డపట్టీ ఉండే పోటెంట్ సిలువ, మూడేసి గుండ్రని మొగ్గలుండే బొట్టొనీ సిలువ వీటిలో ప్రధానమైనవి. దగ్గరగా చూసినప్పుడు ఇవి సాదా సిలువకన్నా ఎంతో వ్యక్తిత్వం గలవి. ఇరవై అడుగుల ఎత్తున ఎగిరే గుడ్డ మీద మాత్రం వీటి మధ్య తేడా తెలియదు.

పట్టే సిలువకూ మాల్టా సిలువకూ మధ్య పొరపాటు పడేవారు చాలామంది. 1856లో విక్టోరియా క్రాస్‌ను స్థాపించిన రాజశాసనమే దాన్ని మాల్టా సిలువ అని పేర్కొంది, కానీ ఆ పతకం చూస్తే పట్టే రూపానికి దగ్గరగా ఉంటుంది. గంటు ఉందా లేదా అని చూస్తే చాలు: 1813 నాటి ప్రష్యా ఐరన్ క్రాస్ భుజాల చివర గంటు లేదు, సెయింట్ జాన్ అంబులెన్స్ గుర్తులోని తెల్ల సిలువ భుజాలకు ఉంది. ఇంకొక చిక్కు, మాల్టా దేశపు జాతీయ జెండాలో మాల్టా సిలువ లేదు. అందులో ఉన్నది 1942 ఏప్రిల్ 15న ఆరవ జార్జి రాజు ఆ ద్వీపానికి ప్రదానం చేసిన జార్జ్ క్రాస్ పతకపు బొమ్మ. ఎనిమిది మొనల సిలువ అక్కడి వాణిజ్య నౌకల జెండా మీదా, యూరో నాణేల మీదా కనిపిస్తుంది. ఇటువంటి గుర్తులకు ఆర్డర్ల (అంటే యోధుల మత సంఘాల), సైన్యాల, పతకాల చరిత్ర గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టి అలంకారం కోసమే ఎంచుకోవడాన్ని నేను సమర్థించను. ముఖ్యంగా నల్లని పట్టే సిలువ జర్మనీ సైనిక చరిత్రను వెంటబెట్టుకుని వస్తుంది.

గుడ్డ మీద తీర్చిన కొసల సిలువ విజయం సాధించిన సందర్భం అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రానిది. 1904లో అధికారికమైన ఆ జెండాలో రెండు గళ్లలో ఎరుపు-తెలుపు బొట్టొనీ సిలువ ఉంది. మొగ్గలు స్పష్టంగా కనిపించడానికి కారణం వాటి పరిమాణం: సిలువ తన గడిని దాదాపు నింపేస్తుంది. అలా నింపలేనప్పుడు బొట్టొనీని జెండాకు వాడకండి. జార్జియా దేశం (అమెరికా రాష్ట్రం కాదు) 2004లో తెచ్చుకున్న జెండా రెండు పద్ధతులనూ కలిపింది. అంచుల దాకా సాగే పెద్ద ఎర్ర సిలువ దూరం నుంచి కనిపిస్తుంది, నాలుగు గళ్లలోని చిన్న సిలువలు దగ్గరికి వచ్చినవారికి కనిపిస్తాయి.

లాటిన్ సిలువ, అంటే కింది భుజం పొడవుగా ఉండే సాధారణ చర్చి సిలువ, నిలువు స్థలానికి చెందినది. అడ్డంగా ఉండే జెండాలో పక్కల ఖాళీ మిగిలిపోతుంది. రెండు అడ్డపట్టీల సిలువది కూడా అదే సమస్య. స్లొవేకియా 1992లో దాన్ని డాలులో నిలిపి, ఆ డాలును పట్టీల మీద కర్ర వైపు పెట్టి, తెల్లని అంచు ఇచ్చింది. ఆ డాలు లేకపోతే వారి జెండా రష్యా జెండాలాగే ఉండేది. నిలువు సిలువను అడ్డ జెండాలో పెట్టవలసిన చర్చి సంఘాలకు ఇదే సరైన దారి. మన తెలుగు ప్రాంతాల్లోని మెదక్, దోర్నకల్, కృష్ణా-గోదావరి వంటి డయోసీసులు భాగమైన దక్షిణ ఇండియా సంఘం గుర్తులో సిలువ తామర రేకులతో కలిసి ఉంటుంది. గుండ్రని ముద్రలో ఎంతో చక్కగా కుదిరిన గుర్తు అది.

రంగుల విషయం

ఏ రూపం ఎంచుకున్నా రంగు తప్పితే అంతా వృథా. హెరాల్డ్రీలో బంగారం, వెండి, అంటే పసుపు, తెలుపు లోహాలు; ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. లోహం మీద లోహాన్ని, రంగు మీద రంగును పెట్టకూడదన్నది నియమం. జెరూసలేం రాజ్యపు డాలు మీద తెలుపు మీద బంగారు పోటెంట్ సిలువ ప్రసిద్ధమైన మినహాయింపు. రెండు రంగులను పక్కపక్కన పెట్టక తప్పనప్పుడు మధ్యలో తెల్లని అంచు ఇస్తారు; నార్వే జెండాలోని తెలుపు చేసే పని అదే.

ఈ విషయంలో మన నౌకాదళ పతాకం చరిత్ర ఏ పాఠ్యగ్రంథం కన్నా బాగా బోధిస్తుంది. 1950 జనవరి 26 నుంచి విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ ఓడలతో సహా మన యుద్ధనౌకలన్నీ తెలుపు మీద ఎర్రని సెయింట్ జార్జ్ సిలువ, పై మూలలో త్రివర్ణం ఉన్న పతాకాన్ని ఎగరవేశాయి. 2001 ఆగస్టు 15న వలస పాలన నాటి ఆ సిలువను తొలగించి నీలి రంగు నౌకాదళ చిహ్నాన్ని పెట్టారు. ఆ నీలం ఆకాశంలోనూ సముద్రంలోనూ కలిసిపోయి ఆనడం లేదని 2004లో ఎర్ర సిలువను తిరిగి తెచ్చి, దాని మధ్యలో జాతీయ చిహ్నాన్ని చేర్చారు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ ప్రారంభం నాడు ఆవిష్కరించిన ఇప్పటి పతాకంలో సిలువ లేదు. శివాజీ ముద్ర స్ఫూర్తితో తీసుకున్న అష్టభుజిలో లంగరు ఉంది, ముదురు నీలం చుట్టూ బంగారు అంచులు ఉన్నాయి. సిలువను తీసేయాలన్న ఆలోచన రెండుసార్లూ ఒకటే. మొదటిసారి దాని స్థానంలో వచ్చిన గుర్తు కనిపించలేదు, రెండోసారి గుర్తుకు ముదురు నేపథ్యం ఇచ్చారు.

నిర్ణయం తీసుకునేటప్పుడు

మీ గుర్తు ప్రధానంగా స్తంభం మీద ఎగిరేదైతే అంచులను తాకే రెండు రంగుల సిలువను తీసుకోండి: ఉత్తర ఐరోపాతో నిజమైన బంధం ఉంటే నార్డిక్, లేకపోతే మధ్యలో నిలిచే సాదా సిలువ లేదా సాల్టైర్. గోడ మీద బ్యానరుగా నిలువుగా వేలాడేదైతే లాటిన్ సిలువకు అక్కడ న్యాయం జరుగుతుంది. బ్యాడ్జీ, ముద్ర, సర్టిఫికెట్ ముఖ్యమైతే కొసలు తీర్చిన రూపాలను చూడండి, వాటిలోనూ ఆ చరిత్ర మీకు చెందిందే అయినప్పుడు మాత్రమే. రెండు వాడుకలూ సమానమైతే జెండాకు సాదా సిలువను, డాలుకు దాని తీర్చిన రూపాన్ని వేరువేరుగా గీసుకోవచ్చు.

అచ్చుకు పంపే ముందు బొమ్మను తపాలా బిళ్ల అంత చేసి నలుపు-తెలుపులో అచ్చు తీయండి. చేతి నిడివి దూరంలో సిలువ రకం గుర్తుపట్టలేకపోతే రూపం మార్చాలి. పాత గుడ్డ మీద రంగు వేసి బయట కట్టి, గాలి లేని మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. ఆ తరువాత కొలతలను భాగాలలో, రంగులను ప్రామాణిక సంఖ్యలలో రాసి ఉంచండి. స్కాట్లండ్ సాల్టైర్ నీలం తరతరాలుగా లేత ఆకాశం రంగు నుంచి ముదురు నీలం దాకా ఎవరికి తోచినట్టు వారు వాడగా, 2003లో అక్కడి పార్లమెంటు కమిటీ పాంటోన్ 300ను సిఫారసు చేసింది. మీ జెండాకు ఆ పని మొదటి గుడ్డ కుట్టక ముందే జరగాలి, ఆ కాగితం నకలు ఒకటి దర్జీ దగ్గర, మరొకటి సంఘం దస్త్రంలో ఉండాలి.